స్కైలాబ్ నాటి మేకలు - సూర్యుడి మీద నేటి పుకార్లు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు చదువు గొప్పదనం గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపుదామనుకున్నాను. అవి ప్రతి సంచికలోనూ ఉంటాయి. ఈసారి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి రాయాలనిపించింది. సూర్యుడి గురించి శాస్త్రవేత్తలు చెప్పే మాటను మనవాళ్లు ఎందుకు నమ్మరు? ఎవరు పుట్టించారో తెలియని మాటను ఎందుకు ఇట్టే నమ్మేస్తారు? ఏడాదికి పైగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

2024 మే నెలలో సెలవులకు ఉద్దానంలో మా ఊరు వెళ్లాను. ఆ నెల 10, 11 తేదీల్లో సూర్యుడి నుంచి వచ్చిన పెద్ద తుఫాను భూమిని తాకింది. 2003 తర్వాత అంత బలమైనది రావడం అదే మొదలు. పేపర్లలో వచ్చింది, టీవీల్లో వచ్చింది. దాని వెనకాలే సెల్‌ఫోన్లలో ఒక పాత మెసేజ్ కూడా మళ్లీ బయల్దేరింది. "ఈ రాత్రి 12.30 నుంచి 3.30 దాకా సెల్‌ఫోన్లు ఆపేయండి. ఆకాశం నుంచి ప్రమాదకరమైన కిరణాలు వస్తాయి. నాసా చెప్పింది, బీబీసీ చెప్పింది. అందరికీ పంపండి." ఈ మెసేజ్ ఏళ్ల తరబడి మన దేశంలో తిరుగుతున్నదే. తేదీ ఉండదు. 'ఈ రాత్రి' అని ఉంటుంది కాబట్టి ఏ రాత్రికైనా సరిపోతుంది.

మా మేనల్లుడు డిగ్రీ చదివాడు. వాడే ఇంట్లో అందరి ఫోన్లూ ఆపించాడు. నేను వద్దన్నాను. "పోనీ మావయ్యా, ఓ మూడు గంటలు ఆపితే పోయేదేటుంది?" అన్నాడు. నాకూ అది నిజమే అనిపించి ఊరుకున్నాను.

పోయేది ఉంది. మా చిన్నాన్న కొడుక్కి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు బండి అతను ఫోన్ చేస్తే వీడు రోడ్డు మీదకు వెళ్లి నిలబడతాడు. ఆ రాత్రి ఆపిన ఫోన్లు తిరిగి పెట్టడానికి ఎవరూ లేవలేదు. బండి వెళ్లిపోయింది. ఆ పూట డయాలసిస్ తప్పింది. మర్నాటి దాకా వాడు పడ్డ ఆయాసం నేను పక్కనే కూర్చుని చూశాను.

నాకు కోపం వచ్చింది. అరుగు మీద కూర్చుని మేనల్లుణ్ణి గట్టిగా మందలించాను. సూర్యుడిలో జరిగేది ఏమిటి, అది భూమిని ఎలా తాకుతుంది, సెల్‌ఫోన్‌కీ దానికీ సంబంధం ఎందుకు లేదు అని బళ్లో పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చాను. మా చిన్నాన్న అంతా విన్నాడు. చుట్ట ఆర్పి ఒకే మాట అడిగాడు.

"ఒరే మేష్టారూ, సూరీడు కడుపులో ఏటుందో సెప్పీసినోళ్లు, మన నూతి నీళ్లల్లో ఏటుందో సెప్పలేకపోనారేట్రా?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే రాస్తున్నాను.

నాన్న హాస్టల్‌కి వచ్చిన రోజు

ముందు నా సంగతి చెప్పాలి. భయపడే హక్కు మా మేనల్లుడికి ఎంత ఉందో మా ఇంట్లో అందరికీ అంతే ఉంది.

నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరింది 1979 జూన్‌లో. చేరి నెల కాలేదు. అమెరికావాళ్లు ఆకాశంలోకి పంపిన స్కైలాబ్ అనే పెద్ద యంత్రం కూలిపోతోందని, అది మన మీదే పడుతుందని ఊరూరా గగ్గోలు పుట్టింది. లోకం అంతమైపోతుందన్నారు. కోళ్లు కోసుకున్నారు, మేకలు కోసుకున్నారు, దాచుకున్న డబ్బు ఖర్చు పెట్టేశారు. మన తెలుగు ఊళ్లలో ఆ రోజులు గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, అడిగి చూడండి. ఆ ఏడు పుట్టిన పిల్లలకు 'స్కైలాబ్' అని పేరు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

జులై రెండో వారంలో మా నాన్న హాస్టల్‌కి వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి వార్డెన్ గారికి దండం పెట్టాడు. నా ట్రంకు పెట్టె తలకెత్తుకున్నాడు. "సచ్చిపోతే అందరం ఒక్క సోటే సచ్చిపోదుం, నడు బావూ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాతో చేరిన పిల్లల్లో సగం మంది అలాగే ఇళ్లకు వెళ్లిపోయారు.

ఇంటికి వెళ్లేసరికి మా రెండు మేకలూ లేవు. అన్నయ్యను ఇంటర్లో చేర్చడానికి పెంచిన మేకలవి. రెండింటినీ సగానికి సగం తక్కువ ధరకు అమ్మేశారు. వచ్చిన డబ్బుతో బియ్యం, మాంసం, అందరికీ తలో కొత్త గుడ్డ కొన్నారు. మూడు రోజులు మా ఇంట్లో పండగే. చావబోయేవాళ్ల పండగ.

జులై 11, బుధవారం. మన గడియారంలో రాత్రి పది దాటాక స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియా నేల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు రేడియోలో చెప్పారు. ఎస్పెరన్స్ అనే ఊళ్లో 17 ఏళ్ల కుర్రాడొకడు తన ఇంటి దగ్గర పడ్డ ముక్కలు పట్టుకుని అమెరికా వెళ్లి, ఒక పత్రిక ప్రకటించిన పది వేల డాలర్ల బహుమతి తెచ్చుకున్నాడని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. అదే యంత్రం మా అన్నయ్య చదువు మాన్పించింది. ఆ ఏడాది చేరలేకపోయినవాడు మరి చేరలేదు, కూలికి వలస వెళ్లిపోయాడు.

పెద్దవాణ్ణయ్యాక నేనొకటి ఆలోచించాను. లోకం అంతమవుతుందని నమ్మినవాళ్లు మేకలు అమ్మారు. మరి కొన్నవాడు? వాడు నమ్మలేదు. నమ్మితే ఎందుకు కొంటాడు? పుకారు పుట్టినప్పుడల్లా అమ్మేవాళ్లు ఎవరో, కొనేవాళ్లు ఎవరో మీరే గమనించండి.

స్కైలాబ్‌ను కూల్చింది ఎవరు?

ఆనాడు మాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. స్కైలాబ్‌ను అంత తొందరగా కిందికి లాగింది సూర్యుడే.

స్కైలాబ్‌ను 1973 మే 14న ప్రయోగించారు. బరువు దాదాపు 77 టన్నులు. మూడు జట్ల వ్యోమగాములు అందులో ఉండి వచ్చారు. చివరి జట్టు 1974 ఫిబ్రవరిలో దిగింది. వాళ్లు చేసిన పనుల్లో ముఖ్యమైనది సూర్యుణ్ణి ప్రత్యేకమైన దుర్భిణులతో చూడటం. సూర్యుడి నుంచి పెద్ద పెద్ద విస్ఫోటనాలు అంతరిక్షంలోకి ఎగజిమ్మడాన్ని అంత వివరంగా ఫొటోలు తీసిన తొలి కేంద్రాల్లో అదొకటి. ఖాళీ అయ్యాక కూడా అది 1980ల మొదటి సంవత్సరాల దాకా పైనే తిరుగుతుందని, ఈలోగా కొత్త నౌకతో దాన్ని ఇంకా పైకి నెట్టవచ్చని అనుకున్నారు. కానీ ఆ ఏళ్లలో సూర్యుడి ఉద్ధృతి వాళ్లు లెక్కేసినదానికంటే ఎక్కువైంది. దాంతో భూమి పై పొరల్లో ఉన్న పల్చటి గాలి వేడెక్కి ఉబ్బింది. ఆ గాలి స్కైలాబ్‌కు అడ్డం తగిలింది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టు వేగం తగ్గి, తగ్గి, కిందికి జారిపోయింది.

అసలు సూర్యుడిలో జరిగేదేమిటి? మన ఉద్దానం పిల్లలకు ఇది చెప్పడం తేలిక. కొబ్బరి పీచు తాడు పేనడం చూశారు కదా. పురి సరిగ్గా ఎక్కితే తాడు బిగుసుకుంటుంది. పురి మరీ ఎక్కువైతే మెలికలు తిరిగి గుండులా లేస్తుంది. ఇంకా తిప్పితే పుటుక్కున తెగుతుంది. సూర్యుడు మన భూమిలాగా గట్టి ముద్ద కాదు, మండే వాయువుల గోళం. దాని నడుము భాగం సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరిగితే, ధ్రువాల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. ఒకే గోళం రెండు వేగాలతో తిరగడం వల్ల దానిలోని అయస్కాంత బల రేఖలకు పురి ఎక్కుతుంది. మెలిక పడి పైకి లేచిన చోట నల్లటి మచ్చలు కనిపిస్తాయి. పురి భరించలేనంత అయినప్పుడు రేఖలు తెగి మళ్లీ కలుస్తాయి. ఆ క్షణంలో విడుదలయ్యే శక్తే సౌర విస్ఫోటనం. దాని వెలుగు 8 నిమిషాల 20 సెకన్లలో మనల్ని చేరుతుంది. దాంతో పాటు ఎగిసిన వాయువు చేరడానికి చాలాసార్లు రెండు మూడు రోజులు, మరీ వేగంగా వస్తే ఒక రోజు లోపే పడుతుంది. సుమారు 11 ఏళ్లకొకసారి ఈ మచ్చలు, విస్ఫోటనాలు ఎక్కువై మళ్లీ తగ్గుతుంటాయి.

మరి దీనివల్ల నష్టం లేదా? ఉంది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఇలాంటి తుఫాను వల్ల విద్యుత్ వ్యవస్థ కుప్పకూలి, 60 లక్షల మంది సుమారు 9 గంటలు చీకట్లో ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో ఒక అమెరికన్ కంపెనీ ఒకేసారి పంపిన 49 చిన్న ఉపగ్రహాల్లో 38 పైకి చేరకుండానే పోయాయి. కారణం స్కైలాబ్ కథే. గాలి ఉబ్బింది, అడ్డం తగిలింది. 2024 మే తుఫానుకు మన లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. ధ్రువాల దగ్గర కనిపించే వెలుగు అంత దక్షిణాన కనిపించింది. తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన మన ఆదిత్య-ఎల్1 అప్పటికి తన చోటికి చేరి ఉంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు కాపలా కాస్తున్నట్టు నిలిచి, ఆ తుఫానును అదీ నమోదు చేసింది.

ఇక జరగనివి. సౌర తుఫాను వల్ల మన చేతిలో ఉన్న సెల్‌ఫోన్ పేలదు. నేల మీద ఉన్న మనిషికి కిరణాలు తగలవు. పైనున్న గాలి, భూమి అయస్కాంత క్షేత్రం మనల్ని కాపాడతాయి. "అందుకే ఈ ఏడు ఎండలిలా కాస్తన్నాయి" అని మా చిన్నాన్న అన్నదీ తప్పే. ఆ 11 ఏళ్ల చక్రంలో సూర్యుడి నుంచి మనకొచ్చే మొత్తం వేడి, వెలుగు మారేది వెయ్యింట ఒక వంతు మాత్రమే. మే నెల ఎండకు సూర్యుడి మచ్చలు కారణం కాదు.

ఆనాటి మా నాన్న భయం కూడా పూర్తిగా పిచ్చిది కాదని ఇక్కడ చెప్పాలి. 77 టన్నుల యంత్రం కూలుతున్న మాట నిజం. ఎక్కడ పడుతుందో అమెరికా వాళ్లు కూడా కచ్చితంగా చెప్పలేకపోయిన మాట నిజం. భూమ్మీద ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం 152లో 1 వంతు అని నాసా లెక్క చెప్పింది. అంటే ఎవరికీ తగలకపోవడానికే 151 వంతులు. అందులోనూ 'ఎవరో ఒకరు' అంటే కోట్లమందిలో ఒకరు. ఆ లెక్క ఇంగ్లీషు పేపర్లలో వచ్చింది. మా ఊరికి మాత్రం 'పడిపోతోంది' అన్న ఒక్క మాటే వచ్చింది. కబురు వచ్చింది, లెక్క రాలేదు. అదే మా కొంప ముంచింది.

తలుపులు మూసిన మధ్యాహ్నం

స్కైలాబ్ పడిన ఏడు నెలలకే, 1980 ఫిబ్రవరి 16, శనివారం నాడు సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడి అంచున ఎగిసే మంటలు, చుట్టూ ఉండే తెల్లటి వెలుగు వలయం మామూలు కంటికి కనిపించేది అప్పుడే. హైదరాబాద్ దగ్గర రంగాపూర్ వేధశాలకు దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ కొద్ది నిమిషాల కోసం వచ్చారు. గ్రహణం దారి మన తెలుగు నేల మీదుగా ఒడిశాలోని కోణార్క్ వైపు సాగింది.

ఆ మధ్యాహ్నం మేము ఏం చేశాం? హాస్టల్ గదుల్లో కిటికీలు మూసుకుని కూర్చున్నాం. సందుల్లో గుడ్డలు కుక్కారు. పొద్దున్నే పెట్టిన అన్నం తప్ప రాత్రి స్నానాలు అయ్యేదాకా ఏమీ లేదు. చిన్నపిల్లలు ఆకలికి ఏడ్చారు. మూడు దాటాక గదిలో సందె చీకటిలాగా అయింది. పక్షులు గూళ్లకు చేరుతున్న చప్పుడు విన్నాం. అంతే. జీవితంలో ఒక్కసారి తలుపు దాకా వచ్చిన దృశ్యాన్ని తలుపు మూసి పంపించేశాం. జనం ఇళ్లు కదలకుండా ఉండాలని దూరదర్శన్ ఆ మధ్యాహ్నం సినిమా వేసిందని తర్వాత తెలిసింది. మా హాస్టల్లో ఆ రోజుల్లో టీవీ ఎక్కడిది?

కంటితో నేరుగా చూడకూడదన్నది సరైన మాట. గ్రహణమైనా కాకపోయినా సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పోతాయి. కానీ ఆ మాటకు కారణం చెప్పి, చూసే మార్గం చూపించేవాళ్లు ఆ రోజు మా హాస్టల్లో ఒక్కరు ఉంటే బాగుండేది.

నిజానికి ఈ చూపు మన నేలకు కొత్తది కాదు. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత వేధశాల కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించారు. ఇప్పటి విజయనగరం అంతా, శ్రీకాకుళంలో కొంత, అప్పటి విశాఖపట్నం జిల్లాలోనివే. అంతకు ముందు 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసిన మంటల వెలుగును పట్టకం లాంటి పరికరంతో విడదీసి చూశాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూసే ఉపాయం కనిపెట్టాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ కూడా ఆ పని చేశాడు. ఆ వెలుగులో కనిపించిన ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ సరిపోలేదు. ఇదేదో సూర్యుడిలో ఉన్న కొత్త పదార్థం అని, గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద హీలియం అన్నారు. చాలామంది శాస్త్రవేత్తలు కూడా అనుమానించారు. 27 ఏళ్ల తర్వాత, 1895లో రామ్సే అనే ఆయన దాన్ని భూమ్మీదే, ఒక ఖనిజంలో పట్టుకున్నాడు.

సూర్యుడి కడుపులో ఏముందో ఎలా తెలిసిందంటే ఇలా తెలిసింది. ప్రతి మూలకానికీ వెలుగులో ఒక వేలిముద్ర ఉంటుంది. సూర్యుడు అంత దూరం నుంచి రోజూ ఆ వేలిముద్రలు వేసి పంపుతున్నాడు.

అయితే జమీందారు గారి దుర్భిణిలో మన తాతముత్తాతలు చూశారని నేననుకోను. మన గూడేలకు, పేటలకు చదువు రాకముందే తిథులు, దోషాలు, శాంతులు వచ్చేశాయి. గర్భిణి కదలకూడదు, పిల్లలు తినకూడదు అన్న మాట వచ్చింది. ఎందుకని అడిగే వీలు రాలేదు. అడగనివ్వని మాటలు శతాబ్దాలుగా విన్న జాతికి, శాస్త్రవేత్త మాట కూడా అలాంటి పెద్దవాళ్ల మాటే అనిపిస్తే తప్పు ఎవరిది?

చిన్నాన్నకు నా జవాబు

ఇప్పుడు మా చిన్నాన్న ప్రశ్నకు వస్తాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల నుంచి వచ్చిన పిల్లలు మన హాస్టల్లో ఎప్పుడూ ఉంటారు. కిడ్నీ జబ్బు తాకని చుట్టరికం వాళ్లకు అరుదు. ఇరవై ఏళ్లకు పైగా వైద్యులు, పరిశోధకులు వచ్చి నీళ్లు తీసుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు. నీటిలో ఖనిజాలా, పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీయా, నొప్పుల మాత్రలా, వంశపారంపర్యమా, అన్నీ కలిసా? ఇదీ కారణం అని అందరూ ఒప్పుకున్న మాట ఇంకా రాలేదు. మరి మా చిన్నాన్న కోపం న్యాయమైనది కాదా?

న్యాయమైనదే. కానీ ఆ కోపంలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయాలి.

మొదటిది. సూర్యుడు ఒక్కడే, అందరికీ కనిపిస్తాడు. 1868లో గుంటూరులో చూసినదాన్ని ఇంగ్లండులో సరిచూడవచ్చు. మా చిన్నాన్న కొడుకు ఒంట్లోకి ఇరవై ఏళ్లలో ఏ నీరు వెళ్లింది, ఏ మందు వెళ్లింది, ఎంత చెమట పోయింది అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. దూరంగా ఉన్నది తేలిగ్గా తెలియడం, దగ్గర ఉన్నది కష్టంగా తెలియడం వింత కాదు. తెలియనిదాన్ని 'ఇంకా తెలియలేదు' అని చెప్పే మనిషిని నేను నమ్ముతాను. రాత్రి 12.30 నుంచి 3.30 అని నిమిషాలతో సహా చెప్పి, ఎలా తెలిసిందో చెప్పని మెసేజ్‌ను నమ్మను.

రెండోది ముఖ్యమైనది. శాస్త్రం తనంతట తాను ఎక్కడికీ వెళ్లదు. డబ్బు, శ్రద్ధ, పట్టుదల ఎటు ఉంటే అటు వెళుతుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ అప్పటికి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి? ఆలస్యమైంది పేదవాడి జబ్బు మీద శ్రద్ధ. దానికి శాస్త్రం పద్ధతిని తిట్టి లాభం లేదు. మా చిన్నాన్న ప్రశ్నను ఫోన్ ఆపించే మెసేజ్ దగ్గర కాక, పరిశోధన చేయాల్సిన వాళ్ల ముందు పెట్టాలి. ఇంకా చెప్పాలంటే ఆ పరిశోధన చేసే కుర్చీలో మన హాస్టల్ పిల్లలు కూర్చోవాలి. తన నూతి నీళ్ల గురించి తన మనవరాలు చెబితే చిన్నాన్న నమ్ముతాడు.

పుకారు చేసే చెరుపు ఆ ఒక్క రాత్రితో పోదు. పదిసార్లు అబద్ధపు ప్రమాదం విన్నవాడు పదకొండోసారి నిజమైన హెచ్చరికను కూడా కొట్టిపారేస్తాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి తుఫాను మళ్లీ వస్తుందని వాతావరణ శాఖ చెప్పిన రోజున మనవాళ్లు ఆ మాట నమ్మి ఇల్లు కదలాలి. ఆ నమ్మకాన్ని ఉత్తుత్తి మెసేజ్‌లతో పాడుచేసుకోకూడదు.

అందుకే మీకు 'శాస్త్రాన్ని నమ్మండి' అని చెప్పను. అనుమానించండి. కాకపోతే అందరినీ సమానంగా అనుమానించండి. ఏ మాట వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది? ఇంకెవరైనా సరిచూశారా? ఈ మూడింటికీ జవాబు చెప్పే మాటను ఉంచుకోండి, చెప్పని మాటను ఎవరికీ పంపకండి. ప్రశ్నించడం తలపొగరు కాదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణతో అది చేరింది. బాబాసాహెబ్ ఇచ్చిన రాజ్యాంగం మనకు హక్కులతో పాటు ఈ పని కూడా అప్పగించింది.

చివరిగా ఒక విన్నపం. 2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మన దేశంలో చాలా చోట్ల పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. వార్డెన్లకు, పాత విద్యార్థుల సంఘానికి ఇప్పుడే చెబుతున్నాను. ఆ రోజు మన హాస్టళ్లలో ఒక్క కిటికీ కూడా మూయకూడదు. ఒక్క పిల్లా ఆకలితో ఉండకూడదు. మబ్బు లేకపోతే పిల్లల్ని ఆవరణలోకి తీసుకురండి. గ్రహణం చూసే ప్రత్యేకమైన కళ్లద్దాలు కొనగలిగితే కొనండి. లేకపోతే అట్టముక్కకు గుండుసూదితో చిన్న చిల్లు పెట్టి, సూర్యుడి వైపు వీపు పెట్టి, ఆ చిల్లు గుండా పడే బింబాన్ని తెల్ల కాగితం మీద చూపించండి. ఖర్చు రూపాయి కూడా కాదు. ఎక్స్‌రే ఫిల్ములు, చలువ కళ్లద్దాలు మాత్రం వాడనివ్వకండి. అప్పటికి నేను రిటైరై ఉంటాను. పిలిస్తే ఆ పూటకి వచ్చి అట్టలకు చిల్లులు పెడతాను.

మా మేనల్లుడు ఆ రోజు నుంచి రాత్రిళ్లు ఫోన్ ఆపడం లేదు. ఇంకో మార్పు కూడా వచ్చింది. మెసేజ్ వస్తే ముందు నాకు ఫోన్ చేసి, "మావయ్యా, ఇది ఎవరు సెప్పినారు?" అని అడుగుతున్నాడు. మా చిన్నాన్న మాత్రం ఇంకా నన్ను పూర్తిగా నమ్మలేదు. నమ్మనక్కర్లేదు కూడా. ఆయన ప్రశ్న బతికి ఉండాలి. జవాబు చెప్పాల్సినవాళ్లం మనం.

జై భీమ్.

- హాస్టల్ పూర్వ విద్యార్థి (1979-84), ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా